సైకిల్ టైరులో ఫోమ్ రింగు: పంక్చర్‌ను ఆపేదెంత, ఆపనిదెంత?

సైకిల్ టైరులో గాలి తప్ప ఇంకేం ఉంటుంది అని మనం అనుకుంటాం. ట్యూబ్ ఉన్న టైరైనా, ట్యూబ్‌లెస్ టైరైనా బరువు మోసేది గాలే. కానీ కొన్నేళ్లుగా కొండదారుల్లో తిరిగే మౌంటెన్ బైక్‌ల టైర్లలో గాలితో పాటు ఒక మెత్తటి ఫోమ్ రింగు కూడా పెడుతున్నారు. దీన్ని టైర్ ఇన్సర్ట్ అంటారు. ఖరీదైన సైకిల్ కొన్నవాళ్లు దీని గురించి అడుగుతున్నారు. మామూలు సైకిల్ తొక్కేవాళ్లు కూడా వీడియోల్లో చూసి, ఇది పెట్టుకుంటే ఇక పంక్చర్ షాపుకు వెళ్లే పని ఉండదేమో అని ఆశపడుతున్నారు.

ఆ ఆశలో సగమే నిజం. ఫోమ్ రింగు ఒక రకం పంక్చర్‌ను బాగా ఆపుతుంది, ఇంకో రకాన్ని అసలు ఆపదు. ఈ తేడా తెలియకుండా కొంటే వేల రూపాయలు వృథా. తెలిసి కొంటే మంచి రిమ్ము, ఒక్కోసారి మనిషి ప్రాణం కూడా దక్కుతుంది.

పంక్చర్లు రెండు రకాలు

మొదటిది మనందరికీ తెలిసిందే. ముల్లు, మేకు, గాజు పెంకు, పాత టైర్లలోంచి రాలిన సన్న ఇనుప తీగ బయటి నుంచి గుచ్చుకుంటుంది. టైరును దాటి ట్యూబులోకి దిగుతుంది. గాలి పోతుంది. తెలుగు నేల మీద దీనికి పెద్ద కారణం సర్కారు తుమ్మ. రోడ్డు పక్కన కంపలు నరికి పడేసినప్పుడు ఆ ముళ్లు నెలల తరబడి అక్కడే ఉంటాయి. పొలం గట్ల మీద, ఖాళీ ప్లాట్లలో పల్లేరు కాయలు సరేసరి. ఎలా పడినా వాటి ముల్లు ఒకటి పైకి చూస్తూనే ఉంటుంది.

రెండోది లోపలి నుంచి వచ్చే దెబ్బ. గాలి తక్కువగా ఉన్న టైరు వేగంగా వెళ్లి గుంత అంచుకో, రాయికో తగిలిందనుకోండి. టైరు పూర్తిగా అణిగిపోయి, రిమ్ము అంచుకూ రాయికీ మధ్య ట్యూబ్ నలుగుతుంది. అప్పుడు పక్కపక్కన రెండు చీలికలు పడతాయి. చూడ్డానికి పాము కాటులా ఉంటాయి కాబట్టి సైకిల్ వాళ్లు దాన్ని పాము కాటు పంక్చర్ అని పిలుస్తారు. పంక్చర్ వేసేవాళ్లకు ఇది బాగా తెలుసు. ట్యూబ్ నీళ్లలో ముంచితే రెండు చోట్ల బుడగలు వస్తాయి. టైరులో ఎంత వెతికినా ముల్లు దొరకదు.

ఫోమ్ ఇన్సర్ట్ కనిపెట్టింది ఈ రెండో రకం కోసం.

ట్యూబ్‌లెస్ ఎంతవరకు పనిచేస్తుంది

మోటార్ సైకిళ్లకు, కార్లకు ట్యూబ్‌లెస్ టైర్లు మనకు పాత విషయమే. సైకిళ్లకు మాత్రం ఇది కాస్త ఆలస్యంగా వచ్చింది. ఫ్రాన్స్‌కు చెందిన మావిక్, హచిన్సన్, మిషెలిన్ కంపెనీలు కలిసి 1999 ప్రాంతంలో మౌంటెన్ బైక్‌ల కోసం ఒక ట్యూబ్‌లెస్ పద్ధతి తెచ్చాయి. తర్వాత టైరు లోపల పోసే సీలెంట్ ద్రవం బాగా వాడుకలోకి రావడంతో ట్యూబ్‌లెస్ మామూలు విషయం అయిపోయింది.

ఈ సీలెంట్‌లో ఎక్కువగా ఉండేది ద్రవరూపంలో ఉన్న రబ్బరు పాలు, అంటే లేటెక్స్. చక్రం తిరుగుతుంటే అది టైరు లోపలంతా పారుతూ ఉంటుంది. ముల్లు దిగి రంధ్రం పడిందంటే గాలితో పాటు ఈ ద్రవం కూడా బయటకు తోసుకొస్తుంది. అక్కడే గడ్డకట్టి రంధ్రాన్ని పూడ్చేస్తుంది. చిన్న ముల్లు గుచ్చుకున్న సంగతి తొక్కేవాడికి తెలియను కూడా తెలియదు. ఇంటికి వచ్చాక టైరు మీద తెల్లటి చుక్క కనిపిస్తే, ఓహో ఇక్కడ దిగిందన్నమాట అనుకుంటాడు.

అంటే ముల్లు పని పట్టేది సీలెంట్. ఫోమ్ కాదు.

మరి పాము కాటు? ట్యూబే లేదు కాబట్టి నలగడానికి ఏమీ లేదు అనిపిస్తుంది. కానీ దెబ్బ గట్టిగా ఉంటే టైరు గోడ నేరుగా రిమ్ముకూ రాయికీ మధ్య పడి తెగుతుంది. ఆ చీలికను సీలెంట్ పూడ్చలేదు. రిమ్ము సొట్ట పడుతుంది. కార్బన్ రిమ్ము అయితే పగలనూ వచ్చు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మలుపులో టైరు పక్కకు వంగినప్పుడు అంచు రిమ్ము నుంచి ఒక్క క్షణం విడిపోయి బుస్సుమని గాలి వదిలేస్తుంది.

గాలి ఎక్కువ కొడితే ఈ బాధలు తగ్గుతాయి కదా? తగ్గుతాయి. కానీ గాలి ఎక్కువైతే టైరు రాయిలా గట్టిపడుతుంది, రాళ్ల మీద ఎగిరిపడుతుంది, పట్టు తప్పుతుంది. అందుకే కొండదారి వాళ్లు ట్యూబ్‌లెస్ టైరులో 20 నుంచి 25 పీఎస్ఐ వరకే గాలి ఉంచుకుంటారు. గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుంది, రిమ్ముకు ప్రమాదమూ పెరుగుతుంది. ఈ రెండింటి మధ్య ఇరుకులో పడ్డవాడికి దారి చూపించడానికే ఫోమ్ వచ్చింది.

ఫోమ్ ఏం చేస్తుంది

ఇన్సర్ట్ అంటే టైరు లోపల, రిమ్మును చుట్టుకుని కూర్చునే ఫోమ్ రింగు. ఇది టైరు మొత్తాన్ని నింపదు. రిమ్ముకు దగ్గరగా కొంత భాగంలోనే ఉంటుంది, మిగతాదంతా గాలే. దీని పనులు నాలుగు.

ఒకటి, దెబ్బకు అడ్డు. టైరు పూర్తిగా అణిగినప్పుడు రాయి నేరుగా రిమ్ముకు తగలదు, మధ్యలో ఫోమ్ ఉంటుంది. మంచానికి పరుపు ఎలాగో రిమ్ముకు ఇది అలాగ.

రెండు, అణగడంలో అదుపు. టైరు కొంతవరకు మెత్తగా అణుగుతుంది, ఫోమ్‌కు తగిలాక గట్టిగా ఎదురు తిరుగుతుంది. దీని వల్ల సాఫీ దారిలో మెత్తదనం పోదు, పెద్ద దెబ్బకు రక్షణ ఉంటుంది.

మూడు, అంచుకు ఆసరా. టైరు గోడల మధ్య బిగుతుగా కూర్చునే రకాలు టైరు అంచును రిమ్ముకు అదిమి పట్టుకుంటాయి. మలుపుల్లో గాలి వదలడం తగ్గుతుంది.

నాలుగు, గాలి పోయినా ఇల్లు చేరడం. టైరు చీలి గాలంతా పోయినా కింద ఫోమ్ ఉంటుంది కాబట్టి టైరు రిమ్ము మీద నుంచి అంత తేలిగ్గా ఊడిరాదు. మెల్లగా తొక్కుకుంటూ కొంత దూరం వెళ్లొచ్చు. దిగుడులో వేగంగా వెళ్తుండగా ముందు టైరు గాలి ఒక్కసారిగా పోతే మనిషి ఎగిరిపడతాడు. అలాంటి చోట టైరు రిమ్ము మీదే నిలబడటం చిన్న విషయం కాదు.

ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చింది

టైరులో ఫోమ్ పెట్టడం సైకిళ్లతో మొదలు కాలేదు. ఎడారి ర్యాలీల్లో, మట్టిదారి పోటీల్లో నడిచే మోటార్ సైకిళ్లకు మిషెలిన్ కంపెనీ 1980ల్లోనే మూస్ అనే ఫోమ్ రింగులు తెచ్చింది. అందులో గాలి ఉండనే ఉండదు, గాలి స్థానమంతా ఫోమ్‌దే. పంక్చర్ అనే మాటే లేదు. కానీ అది బరువు, పైగా ఎక్కువసేపు వేగంగా నడిపితే వేడెక్కి పాడవుతుంది. ఇంజిన్ ఉన్న బండికి ఆ బరువు లెక్కలోకి రాదు, కాళ్లతో తొక్కే సైకిల్‌కు వస్తుంది.

సైకిళ్ల విషయంలో జర్మనీకి చెందిన ష్వాల్బె కంపెనీ 2014లో ప్రోకోర్ అనే పద్ధతి చూపించింది. అందులో ఫోమ్ లేదు. టైరు లోపల ఇంకో చిన్న గాలి గది ఉంటుంది, అందులో గాలి ఎక్కువ, బయటి టైరులో తక్కువ. పని బాగా చేసింది కానీ బిగించడం పెద్ద తతంగం. ఆ తర్వాతి కొన్నేళ్లలో అమెరికా నుంచి కుష్‌కోర్, ఫిన్లాండ్ నుంచి హక్ నోరిస్, ఇటలీ నుంచి విట్టోరియా ఎయిర్ లైనర్, బ్రిటన్ నుంచి రిమ్‌ప్యాక్ట్ వంటి ఫోమ్ రింగులు వరుసగా వచ్చాయి. కొన్ని లావుగా, బిగుతుగా ఉంటాయి. కొన్ని సన్నటి పట్టీల్లా తేలికగా ఉంటాయి.

ఇవన్నీ క్లోజ్డ్ సెల్ ఫోమ్‌తో చేస్తారు. ఆ మాట అర్థం చేసుకోవడం తేలికే. గిన్నెలు తోమే స్పాంజి నీళ్లు పీల్చుకుంటుంది, ఎందుకంటే దాని రంధ్రాలన్నీ ఒకదానికొకటి కలిసి ఉంటాయి. రబ్బరు చెప్పు అడుగు నీళ్లు పీల్చదు, ఎందుకంటే దాని గాలి బుడగలు దేనికది మూసుకుని ఉంటాయి. టైరులో పెట్టేది చెప్పు రకం. స్పాంజి రకం పెడితే సీలెంట్ మొత్తం తాగేస్తుంది, ముల్లు దిగినప్పుడు పూడ్చడానికి ద్రవమే మిగలదు.

ట్యూబ్ ఉన్న సైకిల్‌కు ఫోమ్ వేరు

ఇక్కడే చాలామంది పొరబడతారు. కొరియాకు చెందిన టానస్ కంపెనీ ఆర్మర్ పేరుతో ట్యూబ్ ఉన్న సైకిళ్లకు ఒక ఫోమ్ అమ్ముతోంది. అది రిమ్ము దగ్గర కూర్చునేది కాదు. టైరుకూ ట్యూబుకూ మధ్య కవచంలా ఉంటుంది. నేలకు తగిలే వైపు దాని మందం 15 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. ముల్లు టైరును దాటినా ఈ ఫోమ్‌ను కూడా దాటితే గానీ ట్యూబును చేరదు. అంటే ఈ రకం ముళ్లను నిజంగానే ఆపుతుంది. లోపల జాగా తగ్గుతుంది కాబట్టి మామూలు సైజు కంటే చిన్న ట్యూబ్ వేయాలి.

కాబట్టి ఎవరైనా ఫోమ్ పెడితే ముల్లు దిగదు అంటే, ఏ ఫోమ్ అని అడగాలి. ట్యూబ్‌లెస్ టైరులో రిమ్ము దగ్గర ఉండేది రిమ్మును కాపాడుతుంది. ట్యూబ్ టైరులో నేల వైపు ఉండేది ట్యూబును కాపాడుతుంది. పేరు ఒకటే అయినా పని వేరు.

ఇబ్బందులూ ఉన్నాయి

మొదటిది బరువు. 29 అంగుళాల చక్రానికి లావు రకం ఇన్సర్ట్ ఒక్కోటి సుమారు పావు కిలో ఉంటుంది. తేలిక రకాలు 100 గ్రాముల లోపు కూడా దొరుకుతాయి. తిరిగే చక్రంలో పెరిగిన బరువు ఎత్తు ఎక్కేటప్పుడు కాళ్లకు తెలుస్తుంది. అందుకే కొందరు దెబ్బ ఎక్కువ తగిలే వెనక చక్రానికి మాత్రమే పెట్టుకుంటారు.

రెండోది బిగించే కష్టం. మామూలు ట్యూబ్‌లెస్ టైరు ఎక్కించడమే చేతులకు పని. అందులో ఫోమ్ కూడా ఉంటే, టైరు అంచు రిమ్ము మధ్యలో ఉండే పల్లంలోకి జారనివ్వదు. అంచు పల్లంలో కూర్చుంటే తప్ప రెండో వైపు ఎక్కదు. సబ్బు నీళ్లు పూసి, మోకాలితో నొక్కిపట్టి, అంగుళం అంగుళం ఎక్కించాలి. వాల్వ్ కూడా మామూలుది పనికిరాకపోవచ్చు. ఫోమ్ వచ్చి వాల్వ్ నోరు మూసేస్తుంది కాబట్టి పక్కల్లో కూడా రంధ్రాలున్న వాల్వ్ వాడతారు.

మూడోది దారి మధ్యలో తిప్పలు. టైరు చీలిపోతే ట్యూబ్ వేసుకుని ఇంటికి రావాలంటే ముందు ఆ ఫోమ్‌ను బయటకు లాగాలి. సీలెంట్‌తో జిగటగా తడిసిన రింగును భుజానికి తగిలించుకుని రావాల్సిందే.

నాలుగోది మన ఎండలు. సీలెంట్ వేడికి త్వరగా ఎండిపోతుంది. చల్లటి దేశాల్లో ఆరు నెలలు ఆగేది మన వేసవిలో రెండు మూడు నెలలకే చూసుకోవాల్సి రావచ్చు. ఫోమ్ పెట్టాం కదా అని సీలెంట్ మరిచిపోతే ముల్లు గుచ్చుకున్న రోజు చేతులెత్తేయాలి.

లెక్క వేస్తే

లావు రకం ఇన్సర్ట్‌లు జత అమెరికాలో సుమారు 150 డాలర్లు. డాలరు 85 రూపాయలనుకున్నా 12,750 రూపాయలు. దిగుమతి సుంకం, కొరియర్ దీనికి అదనం. మన దగ్గర చాలామంది తొక్కే సైకిల్ మొత్తం ధర అంత ఉండదు.

ఇప్పుడు రోజూ పనికి సైకిల్ మీద వెళ్లే మనిషిని తీసుకుందాం. నెలకు రెండు పంక్చర్లు, ఒక్కోదానికి 40 రూపాయలు అనుకుంటే నెలకు 80, ఏడాదికి 960. ఇన్సర్ట్‌కు పెట్టిన డబ్బు ఈ లెక్కన వెనక్కి రావాలంటే 13 ఏళ్లు పైనే పడుతుంది. అదీ ఆ పంక్చర్లన్నీ ఆగిపోతేనే. ఆగవు, ఎందుకంటే వాటిలో ఎక్కువ ముళ్లు, మేకులవే.

సైకిల్ మీద డెలివరీ చేసే కుర్రాడి లెక్క వేరు. పంక్చర్ పడితే అతనికి 40 రూపాయలే కాదు, ఆ గంటలో చేయాల్సిన ఆర్డర్లు కూడా పోతాయి. ఆ నష్టం 150 రూపాయలు అనుకుంటే ఒక్కో పంక్చర్ ఖరీదు 190. నెలకు రెండు అయితే 380, ఏడాదికి 4,560. ఇతనికి పంక్చర్ తగ్గించే ఉపాయం మీద డబ్బు పెట్టడం న్యాయమే. కానీ ఆ ఉపాయం రిమ్ము ఫోమ్ కాదు. మందపాటి టైరు, ట్యూబుకు కవచం, ట్యూబులో పోసే సీలెంట్. వీటికి ఖర్చు చాలా తక్కువ.

ఇక లక్ష రూపాయల మౌంటెన్ బైక్ మీద వికారాబాద్ అనంతగిరి కొండల్లో రాళ్ల మీద తిరిగేవారికి ఒక్క రిమ్ము పగిలితే పోయే డబ్బు ఇన్సర్ట్ ధరను మించిపోవచ్చు. వాళ్లకు ఇది ఖర్చు కాదు, బీమా. అదే బైక్‌ను హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు ట్రాక్ మీద మాత్రమే తొక్కేవారికి దీని అవసరమే లేదు. నున్నటి దారిలో రిమ్ముకు దెబ్బ తగిలేదెక్కడ?

ఇంట్లో చేసుకోవచ్చా

ధర చూసి భయపడ్డవాళ్లు విదేశాల్లో ఇంకో దారి పట్టారు. కట్టడాల్లో గోడల మధ్య సందులు పూడ్చడానికి వాడే గుండ్రటి ఫోమ్ తాడు కొనుక్కుని, కొలతకు కోసి, రెండు చివర్లు అతికించి టైరులో వేసుకుంటున్నారు. కొంతకాలం పనిచేస్తుంది. అయితే ఇందులో చిక్కులున్నాయి. మెత్తటి ఫోమ్ గాలి ఒత్తిడికి కుంచించుకుపోతుంది. వదులైపోయి లోపల గిరగిరా కొట్టుకుంటుంది. నాసిరకమైతే నలిగి పొడి అయి, ఆ పొడి వాల్వ్‌కు అడ్డం పడుతుంది. అతుకు ఊడితే ముక్క ఒక చోట ముద్దగా చేరి చక్రం ఊగుతుంది. ప్రయోగం చేయాలనుకుంటే వెనక చక్రంలో, నెమ్మదైన దారుల్లో చేయడం మంచిది. ముందు చక్రంతో ఆటలొద్దు.

మామూలు సైకిల్‌కు ముందు చేయాల్సినవి

డబ్బు ఖర్చు లేనిది మొదట. వారానికి ఒకసారి గాలి చూసుకోండి. ట్యూబ్ టైరు అయితే టైరు పక్కన ఎంత గాలి కొట్టాలో అచ్చు వేసి ఉంటుంది, ఆ హద్దులోనే ఉంచండి. పాము కాటు పంక్చర్లలో ఎక్కువ భాగం దీనితోనే పోతాయి. వెనక సీటు మీద బరువు వేస్తే వెనక టైరుకు గాలి కాస్త ఎక్కువే ఉండాలి.

రెండోది, పంక్చర్ వేయించినప్పుడల్లా టైరు లోపల వేళ్లతో జాగ్రత్తగా తడిమి చూడండి. ముల్లు మొన విరిగి టైరులోనే ఉండిపోతే మరుసటి రోజు అదే చోట మళ్లీ పంక్చర్. చెడ్డ ట్యూబ్ వేశాడని షాపతన్ని తిట్టుకుంటాం, తప్పు ఆ మొనది.

మూడోది, అరిగిన టైరు మార్చండి. టైరు పలచబడ్డాక ఎంత మంచి ట్యూబ్ వేసినా దండగ. నాలుగోది, ముళ్ల దారి అయితే టైరుకూ ట్యూబుకూ మధ్య ప్లాస్టిక్ లైనర్ పట్టీ వేయించండి. పాత ట్యూబును నిలువుగా కోసి పట్టీలా వేయడం మన షాపుల్లో పాత ఉపాయమే. దాని అంచులు కొత్త ట్యూబును రాసుకోకుండా చూసుకుంటే చాలు.

ఇవన్నీ చేశాక కూడా రిమ్ము సొట్టలు పడుతుంటే, సైకిల్ ట్యూబ్‌లెస్ అయితే, రాళ్ల దారి తప్పదంటే, అప్పుడు ఇన్సర్ట్ గురించి ఆలోచించాలి.

పంక్చర్ షాపు సంగతేమిటి

నగరంలో చౌరస్తా పక్కన పంక్చర్ షాపు అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఒక భాయ్. ఆ పనిని చిన్నచూపు చూస్తూ ఎగతాళి మాటలు అనేవాళ్లూ ఉన్నారు. నిజానికి అది మెహనత్‌తో, హునర్‌తో బతికే పని. నీళ్ల తొట్టిలో బుడగ చూసి పంక్చర్ ఎందుకు పడిందో చెప్పగల మనిషికి ఈ వ్యాసంలో సగం ముందే తెలుసు.

ట్యూబ్‌లెస్ వచ్చాక టూవీలర్ల ట్యూబ్ పని తగ్గింది, దాంతో షాపులు సూదితో జిగురు పట్టీ దూర్చే పని నేర్చుకున్నాయి. సైకిళ్లలోనూ అదే మార్పు నెమ్మదిగా వస్తోంది. రిమ్ము టేపు సరిగ్గా అంటించడం, సీలెంట్ ఎంత పోయాలో తెలియడం, ఎండిన సీలెంట్ గీకి తీయడం, ఫోమ్ ఉన్న టైరును రిమ్ము పాడవకుండా ఎక్కించడం వంటివన్నీ చేతిపనులే. ఒక చిన్న సీలెంట్ సీసా, వాల్వ్ పిన్ను తీసే పరికరం, గట్టి ప్లాస్టిక్ టైర్ లీవర్లు, ప్రెషర్ చూపే గేజ్ ఉంటే మొదలుపెట్టొచ్చు. పంక్చర్‌కు 40 రూపాయలు తీసుకునే చేయి ఈ పనికి అంతకు కొన్ని రెట్లు అడిగినా ఖరీదైన సైకిల్ ఉన్నవాడు సంతోషంగా ఇస్తాడు, ఎందుకంటే ఇంట్లో ఆ టైరుతో కుస్తీ పట్టి అతని వేళ్లు అప్పటికే నొప్పి పెడుతుంటాయి.

ఫోమ్ వచ్చినా ముల్లు పోదు, టైరు చీలడం ఆగదు, సీలెంట్ ఎండక మానదు. వాటిని చూసే చేతులు కావాల్సిందే. కొనేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: పంక్చర్ పడ్డ టైరు విప్పినప్పుడు ముల్లు దొరికిందా, రెండు చీలికలు కనిపించాయా చూడండి. ముల్లు దొరికితే సీలెంట్, లైనర్, మంచి టైరు. రెండు చీలికలుంటే ముందు గాలి, ఆ తర్వాతే ఫోమ్.